బరంపురం నుంచి పిజ్జా, న్యొక్కి తినడానికి వెళ్ళేవాళ్ళకి

ముందు పేరు సంగతి. మెనూ కార్డు చూసి మనం "గ్నోచీ" అంటాం. వడ్డించే కుర్రాడూ అలాగే అంటాడు కాబట్టి పని జరిగిపోతుంది. ఇటాలియన్‌లో మాత్రం ఆ మొదటి రెండక్షరాలూ (gn) కలిస్తే పలికేది మన ఞ. జ్ఞానానికి ఒత్తుగా తప్ప ఇంకెందుకూ అక్కరకు రాని అక్షరం అక్కడ రోజూ భోజనాల బల్ల మీద వినిపిస్తుంది: ఞొక్కి. రాయడానికి వీలుగా న్యొక్కి అనుకుందాం. ఒక్కటైతే న్యొక్కో. మామూలుగా ఉడికిన బంగాళాదుంపలో మైదా కలిపి, చిన్న ముక్కలు చేసి, నీళ్ళలో ఉడికించి సాస్‌తో పెట్టే ఇటాలియన్ వంట ఇది.

ఒడిశాలో మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పిజ్జా అంటే ఎక్కువగా బేకరీ బన్ను లాంటి రొట్టె మీద కెచప్, కాప్సికం, చీజ్ వేసి వేడిచేసి ఇచ్చేదే. దాని రుచి దానిది, దాన్ని తిట్టక్కర్లేదు. కాని ఇటాలియన్ వంట తినాలని పని పెట్టుకుని భువనేశ్వరో విశాఖపట్నమో వెళ్ళినప్పుడు, రైలు టికెట్టు ఖర్చు కూడా కలుపుకుంటే ఒక్కో ముక్కా ఖరీదైనదే. ఏం అడగాలో, వచ్చింది బాగుందో లేదో తెలిసి ఉంటే ఆ డబ్బు వృథా కాదు.

పిజ్జా, న్యొక్కి రెండింటి గుట్టూ నీళ్ళ లెక్కలోనే ఉంది. పిజ్జా పిండిలో నీరు ఉండాలి, ఆ నీరు బయటికి పోయేలోపు రొట్టె కాలాలి. న్యొక్కిలో దుంప నీరు ముందే పోవాలి, అప్పుడే పిండి తక్కువ పడుతుంది. ఒకటి తడి వంట, ఇంకోటి పొడి వంట. చెడిపోయిన పిజ్జా, చెడిపోయిన న్యొక్కి ఎక్కడ తిన్నా కారణం చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

దిబ్బరొట్టె తెలిసినవాళ్ళకి పిజ్జా పొయ్యి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కింద నిప్పు, మూత మీద నిప్పు. ఒడియా ఇళ్ళలో సాల ఆకులు చుట్టి కాల్చే ఛెనాపోడదీ అదే పద్ధతి. ఇటలీలోని నేపుల్స్‌లో (వాళ్ళ భాషలో నాపోలి) కట్టెల పొయ్యి గుమ్మటంలా ఉంటుంది. నేల దాదాపు 400 డిగ్రీలు దాటి, గుమ్మటం కింద 485 దాకా ఉంటుంది. పిజ్జా అందులో ఉండేది 60 నుంచి 90 సెకండ్లు. ఆ కాస్త సేపట్లో అంచు పొంగి, నల్లటి చుక్కలు పడి, లోపల మాత్రం తేమ అలాగే మిగిలిపోతుంది. అదే పిండిని ఇంటి ఓవెన్‌లో 250 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాలు ఉంచితే నీరంతా ఆవిరైపోయి బిస్కెట్ అవుతుంది. మన నగరాల్లో చాలాచోట్ల వాడే కరెంటు ఓవెన్‌లు ఈ రెండింటికీ మధ్య. మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, చుక్కలు తక్కువ, కరకర ఎక్కువ. అది తప్పు కాదు, వేరే రకం. తప్పు ఎక్కడంటే, కార్డు మీద "నాపోలి" అని రాసి అప్పడంలా విరిగే పిజ్జా పెట్టడంలో.

అసలు నాపోలి పిజ్జాకి లెక్క రాసిపెట్టి ఉంది. 1984లో నేపుల్స్‌లో పెట్టిన సంఘం దగ్గర నియమాలున్నాయి. 2010లో యూరోపియన్ యూనియన్ ఆ సంప్రదాయానికి గుర్తింపు ఇచ్చింది. 2017లో పిజ్జా చేసేవాళ్ళ విద్యని యునెస్కో తన జాబితాలో చేర్చింది. పిండి, నీరు, ఉప్పు, ఈస్ట్ తప్ప ముద్దలో ఇంకేమీ ఉండకూడదు. నూనె లేదు, పంచదార లేదు. వెడల్పు 35 సెంటీమీటర్లకి మించదు. మధ్యలో పల్చన, అంచు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉబ్బి ఉండాలి. అప్పడాల కర్రతో చేస్తే ఆ అంచు రాదు, ఎందుకంటే కర్ర అంచులోని గాలినంతా తొక్కేస్తుంది. వేళ్ళతో మధ్య నుంచి బయటికి నొక్కుతూ గాలిని అంచుకి తోలాలి. ఈ ఒక్క తేడా దూరం నుంచే కనిపిస్తుంది: చుట్టూ అంచు ఒకే మందంలో, గీత గీసినట్టుంటే కర్ర వాడారు, లేదా రెడీమేడ్ రొట్టె తెచ్చారు.

ప్లేటు రాగానే ఒక ముక్క ఎత్తండి. కొస కిందికి వాలుతుంది. నాపోలి పిజ్జాకి అది సహజం. అక్కడ ఫోర్కు, కత్తితో తింటారు, లేదా జేబురుమాలులా నాలుగు మడతలు పెట్టి వీధిలో నిలబడి తింటారు. చూడాల్సింది వేరే ఉంది. ముక్కని చీల్చి సాస్ కింద ఉన్న పొర చూడండి. సాస్‌కీ రొట్టెకీ మధ్య తెల్లగా, గంజి కట్టినట్టు మెరిసే జిగురు గీత ఉంటే పిండి ఉడకలేదు. సాస్ ఎక్కువ పోశారు, లేదా పొయ్యి నేల చల్లారాక పెట్టారు. గీత లేకుండా పైన మాత్రమే తడిగా ఉంటే బాధపడక్కర్లేదు, అది టమాట నీరు, చీజ్ నీరు. తరువాత అంచు కోసి చూడండి. చిన్నా పెద్దా బొరియలు కలగలిసి ఉంటే పిండి నిదానంగా, కనీసం ఎనిమిది గంటలైనా పులిసింది. ఒకే సైజు సన్నటి రంధ్రాలు, పైగా బేకరీ బ్రెడ్ వాసన వస్తుంటే ఈస్ట్ ఎక్కువ వేసి గంట రెండు గంటల్లో లేపేశారు. తిన్నాక దాహం, కడుపులో బరువు అని మైదాని తిట్టుకుంటాం గాని, ఇడ్లీపిండి పులియకుండా ఇడ్లీ వేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే.

దీనికి రెండోవైపు కూడా ఉంది. సముద్రతీరపు వేసవిలో పిండి బయట వదిలేస్తే అతిగా పులిసిపోతుంది. అప్పుడు ముద్ద సాగదీస్తుంటే చిరుగుతుంది, కాల్చినా రంగు రాదు, ఎందుకంటే ఎర్రగా మారాల్సిన చక్కెరల్ని ఈస్ట్ ముందే తినేసింది. తెల్లగా, పుల్లగా, చదునుగా ఉన్న అంచు వస్తే లెక్క అదే.

ఏం తెప్పించుకోవాలి అంటే, కొత్తచోట మొదటి పిజ్జా మార్గెరీటాయే. టమాట, మోజరెల్లా, బేసిల్, ఆలివ్ నూనె. దాచిపెట్టడానికి పైన ఇంకేమీ ఉండదు కాబట్టి వంటవాడి చేయి తెలిసిపోతుంది. 1889లో ఇటలీ రాణి మార్గెరీటా కోసం రఫాయెలె ఎస్పోజితో అనే వంటవాడు ఇటలీ జెండాలోని ఎర్ర, తెల్ల, ఆకుపచ్చ రంగులతో చేశాడని చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. అలాంటి పిజ్జా అంతకు ముందే ఉండేదని చెప్పేవాళ్ళూ ఉన్నారు. చీజ్ పడనివాళ్ళకి మారినారా ఉంది: టమాట, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. చీజ్ లేని పిజ్జా ఏమిటని మొహం చిట్లించకండి. పుల్లటి టమాట, వెల్లుల్లి కలిసినచోట మన నాలుకకి పరిచయం అక్కర్లేదు.

మోజరెల్లా గురించి ఒక మాట. దక్షిణ ఇటలీలో పేరున్న మోజరెల్లా గేదెపాలది. కార్డులో బుఫాలా అని ఉంటే అదే. అది నీళ్ళలో నానుతూ వచ్చే మెత్తటి ఉండ. ముందే ముక్కలు చేసి వడకట్టకపోతే పిజ్జా మధ్యలో చెరువు కడుతుంది. ప్యాకెట్లో దొరికే పిజ్జా మోజరెల్లా తేమ తక్కువది, బాగా సాగుతుంది. పామాయిల్‌తో చేసిన నకలు చీజ్‌ని పట్టుకోవడం కూడా కష్టం కాదు. పైన నూనె గుంటలు గుంటలుగా నిలుస్తుంది, సాగకుండా తెగుతుంది, చల్లారితే ప్లాస్టిక్ పొరలా ఊడొస్తుంది.

"ఇక్కడ ఛెనా ఇంత బాగా దొరుకుతుంది కదా, అది వేస్తే పోలేదా?" అని బరంపురంలో ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే. పిజ్జా మీద పనికిరాదు. ఛెనా, పనీర్ పులుపుతో విరగ్గొట్టినవి. పులుపు పాలలోని కాల్షియంని కరిగించి నీళ్ళలోకి లాగేస్తుంది, మాంసకృత్తులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, వేడి తగిలితే కరగవు సరిగదా నీరు వదిలి ఇంకా బిగుస్తాయి. మోజరెల్లా తోడు పెట్టే పద్ధతి వేరు, ఆ పెరుగుని వేడినీళ్ళలో వేసి సాగదీస్తారు, అందుకే సాగుతుంది. ఛెనాకి మంచి చోటు న్యొక్కిలో ఉంది, అక్కడికి వద్దాం.

శాకాహారులు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. పర్మిజానో రెజ్జానో చీజ్ చేయడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ (పాలని గడ్డకట్టించేది) తప్పనిసరి. అది నియమంలోనే ఉంది. నీలి బూజు చారలుండే గోర్గొన్‌జోలా చీజ్ కూడా సాధారణంగా అంతే. పాస్తా మీద, న్యొక్కి మీద చల్లేది, పెస్తో అనే బేసిల్ పచ్చడిలో వేసేది ఎక్కువగా పర్మిజానోయే. మన దేశంలో పచ్చచుక్క వేసి అమ్మే చీజ్‌లలో రెన్నెట్ సూక్ష్మజీవుల నుంచి తీసినది. కాబట్టి "వెజ్జేనా?" అని అడిగితే చాలదు, "చీజ్ ఇక్కడిదా, ఇటలీ నుంచి తెప్పించిందా?" అని అడగండి. న్యొక్కిలో గుడ్డు ఉందా అనీ అడగాలి, కొందరు వేస్తారు, కొందరు వేయరు. మాంసం తినేవాళ్ళూ పెప్పరోనీ పందిదో ఎద్దుదో అడిగి తెలుసుకోవడం మంచిది. ఇటాలియన్‌లో పెపెరోనీ అంటే కాప్సికం, అదింకో తికమక.

రోమ్‌లో ఒక పాతమాట ఉంది: గురువారం న్యొక్కి. శుక్రవారం ఉపవాసం కాబట్టి ముందురోజు కడుపు నిండా తినేవాళ్ళు. మార్గశిర లక్ష్మివారాలు చేసే మన ఇళ్ళవాళ్ళకి వారాన్ని బట్టి వంట అనేది కొత్త కాదు. ఉత్తరాన వెరోనాలో అయితే కార్నివాల్ శుక్రవారం నాడు న్యొక్కికే ఊరేగింపు ఉంది. దుంప యూరప్‌కి అమెరికా ఖండాల నుంచి వచ్చాకే దుంప న్యొక్కి పుట్టింది. అంతకు ముందు పిండితోనో రొట్టెపొడితోనో చేసేవాళ్ళు. రోమ్ పద్ధతి న్యొక్కి ఇప్పటికీ దుంపది కాదు. రవ్వని పాలలో ఉప్మాలా ఉడికించి, పళ్ళెంలో ఆరబెట్టి, బిళ్ళలు కోసి, వెన్న, చీజ్‌తో కాలుస్తారు. కార్డులో "అల్లా రొమానా" అని ఉంటే దుంపలు రాలేదని వంటవాడి మీద అరవకండి.

మామూలు దుంప న్యొక్కి చేసే తీరు చూస్తే పాలతాలికలు గుర్తొస్తాయి. ముద్ద, తాడు, ముక్కలు. బాగున్నదాన్ని ఫోర్కు అంచుతో నొక్కితే బలం పెట్టకుండా తెగుతుంది. తెగినచోట ఉడికిన దుంప పలుకులా కనిపించాలి, గాజులా నిగనిగలాడకూడదు. నోట్లో పళ్ళకి పని పడితే మైదా ఎక్కువైంది. సాస్‌లో విడిపోయి ముద్దకూరలా అయితే దుంపలో నీరు ఎక్కువైంది, పిండి తక్కువైంది. ఒక్కటీ తేడా లేకుండా అచ్చుపోసినట్టు ఉండి, కాస్త పులుపు తగులుతుంటే ప్యాకెట్‌వి. నిలవ ఉండడానికి వేసే ఆమ్లం ఆ పులుపు. ప్యాకెట్‌వి తినకూడదని కాదు, ఇంటి తయారీ ధర పెట్టి తినకూడదని.

సాస్‌లలో మన నాలుకకి తొందరగా నచ్చేది సొర్రెంతీనా: టమాట, మోజరెల్లా, బేసిల్ వేసి మట్టిపాత్రలో పైన ఎర్రబడేదాకా కాల్చింది. గోర్గొన్‌జోలా సాస్ చిక్కగా, ఘాటుగా ఉంటుంది. ఇద్దరికి ఒక ప్లేటు చాలు. ఏదైనా ముక్కకి పట్టుకుని ఉండాలి. ప్లేటు అడుగున సాస్ మడుగులా మిగిలిపోయిందంటే న్యొక్కి వడకట్టి సాస్ పైన పోశారు తప్ప పెనంలో కలిపి తిప్పలేదు.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే అన్నీ ఒకేసారి తెమ్మనకండి. ఇదే మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు. భోజనం అలవాటు కొద్దీ అన్నీ బల్ల మీద పరుచుకుంటాం. పిజ్జా ఐదారు నిమిషాల్లో తోలులా అవుతుంది, న్యొక్కి పది నిమిషాల్లో గట్టిపడుతుంది. "ఒకటి అయ్యాక ఒకటి తీసుకురా బాబూ" అంటే ఎవరూ కాదనరు. పిజ్జా ఒకటొకటిగా పంచుకుని, న్యొక్కి మధ్యలో తెప్పించుకోండి. కెచప్, ఒరెగానో పొట్లాలు ఇటలీ పద్ధతి కాదు గాని, కారం కావాలనిపిస్తే మిరపకాయ నానబెట్టిన ఆలివ్ నూనె ఉందేమో అడగండి. అది వాళ్ళ పద్ధతే.

ఇంట్లో చేయాలంటే న్యొక్కి తేలిక, దుంప దొరికితే. బంగాళాదుంప అన్న పేరు ఒడిశాలో ఉన్న మనకి అక్షరాలా నిజం. లారీలు వచ్చేది ఎక్కువగా బెంగాల్ నుంచే. 2024లో వాళ్ళు సరిహద్దులో లారీలు ఆపేస్తే ఇక్కడ ధర ఎలా ఎగిరిందో అందరికీ గుర్తే. న్యొక్కికి కావలసింది పిండి ఎక్కువ, నీరు తక్కువ ఉన్న ముదురు దుంప. పల్చటి తొక్క ఊడిపోయే కొత్త దుంప వద్దు, అది సాగుతుంది. ఎక్కువకాలం కోల్డ్ స్టోరేజీలో ఉన్నదీ వద్దు, చలికి పిండి చక్కెరగా మారి తియ్యగా ఉంటుంది. కోత అయ్యాక వచ్చే మార్చి, ఏప్రిల్ సరుకు మేలు. పరీక్ష కావాలంటే 11 గ్లాసుల నీళ్ళలో 1 గ్లాసు ఉప్పు కరిగించి దుంప వేయండి. మునిగితే పిండిదుంప, తేలితే కూరకి వాడుకోండి.

ఒక కిలో దుంపలకి పావుకిలో మైదా, చెంచాడు ఉప్పు. గుడ్డు వేస్తే ఒక పచ్చసొన చాలు. ఐదుగురికి వస్తుంది. దుంపల్ని తొక్కతో, కోయకుండా, మూతలేని గిన్నెలో ఉడికించండి. కుక్కర్లో తొక్క పగిలి నీరు లోపలికి పోతుంది. వేడి మీదే తొక్క తీసి, జంతికల గొట్టంలో సన్న కారప్పూస బిళ్ళ వేసి పెద్ద పళ్ళెంలోకి నొక్కండి. ఇటలీ వంటింట్లో దీనికి ఒక పనిముట్టు ఉంది, మన గొట్టం దానికి ఏమాత్రం తీసిపోదు. మిక్సీ మాత్రం వద్దే వద్దు. పిండి కణాలు పగిలి బంకలా సాగుతుంది, ఇక ఎంత మైదా పోసినా బాగుపడదు. పళ్ళెంలో పల్చగా పరిచి ఆవిరి పోనివ్వండి. గోరువెచ్చగా అయ్యాక ముప్పాతిక మైదా చల్లి, చపాతీపిండిలా మర్దించకుండా, మడతపెడుతూ కలపండి. చేతికి అంటుకోవడం మానగానే ఆపాలి. మిగిలిన మైదా బల్ల మీద చల్లడానికి.

బొటనవేలంత లావు తాళ్ళు చేసి, రెండు సెంటీమీటర్ల ముక్కలు కోయండి. ఒక్కో ముక్కని ఫోర్కు వెనక మీద బొటనవేలితో నొక్కుతూ దొర్లిస్తే ఒకవైపు గీతలు, ఇంకోవైపు గుంట పడతాయి. గీతలు సాస్‌ని పట్టుకుంటాయి, గుంట వల్ల లోపలిదాకా సమంగా ఉడుకుతుంది. అన్నీ చేసేముందు ఒక్కటి మరిగే ఉప్పునీళ్ళలో వేసి చూడండి. విడిపోతే పిడికెడు మైదా కలపండి, నిలిస్తే మిగతావి కానివ్వండి. లీటరు నీటికి పది గ్రాముల ఉప్పు, విడతకి పాతిక ముక్కలు. పైకి తేలాక ఇరవై లెక్కపెట్టి చిల్లుల గరిటెతో నేరుగా సాస్ పెనంలోకి తీయండి. పచ్చి న్యొక్కి ఫ్రిజ్‌లో పెడితే దుంప నీరు ఊరి ఒకదానికొకటి అంటుకుపోతాయి. దాచాలంటే పళ్ళెంలో విడివిడిగా ఫ్రీజర్‌లో గట్టిపరిచి, తరవాత అలాగే మరిగే నీళ్ళలో వేయాలి.

ఇక ఛెనా. ఇటలీలో రికోట్టాతోనూ న్యొక్కి చేస్తారు. రికోట్టా అంటే, వేరే చీజ్ చేయగా మిగిలిన తేటని మళ్ళీ కాచి తీసేది, ఛెనా కన్నా మెత్తన. కాబట్టి పావుకిలో ఛెనాని చల్లటి నీళ్ళలో కడిగి పులుపు పోగొట్టి, గుడ్డలో కట్టి వేలాడదీసి, రసగుల్లాకి రుద్దినట్టు అరచేత్తో నున్నగా రుద్దండి. 60 గ్రాముల మైదా, ఒక గుడ్డు, గుప్పెడు తురిమిన చీజ్, మిరియాలపొడి. దుంప అక్కర్లేదు, పావుగంటలో ముద్ద తయారు. సాస్‌లోకి బేసిల్ దొరక్కపోతే తులసి వేయకండి, లవంగం ఘాటు మింగేస్తుంది. సబ్జా గింజలు కుండీలో చల్లితే వచ్చే రుద్రజడ మొక్క బేసిల్ జాతిదే. కాస్త సోంపు వాసన ఉంటుంది, పని చేస్తుంది.

రైల్లో పార్సెల్ తెచ్చుకునేవాళ్ళకి: పిజ్జా పెట్టె మూత పది నిమిషాలు తెరిచి ఉంచి ఆవిరి పోయాకే మూయమనండి. ఇంటికొచ్చాక మైక్రోవేవ్‌లో పెట్టకండి, రబ్బరవుతుంది. దోసెపెనం సన్నసెగ మీద వేడెక్కాక ముక్క పెట్టి, పెనం అంచున నాలుగు చుక్కల నీళ్ళు చల్లి మూత పెడితే మూడు నిమిషాల్లో అడుగు కరకరలాడుతుంది, చీజ్ మళ్ళీ కరుగుతుంది. మిగిలిన న్యొక్కికి నీళ్ళు అక్కర్లేదు. అదే పెనం మీద చెంచాడు నెయ్యి వేసి ఒకవైపే ఎర్రగా వేయించండి.